హరి శబ్దం – అర్థ విస్తృతి

నానార్థాలు అనగానే విద్యార్థికి పరీక్షపత్రంలోని ఒక చిన్న ప్రశ్న గుర్తుకు వస్తుంది. పదానికి ఎదురుగా రెండు మూడు అర్థాలు రాస్తే మార్కులు దక్కుతాయి. పరీక్ష ముగిసిన కొన్నాళ్లకే ఆ అర్థాలు మరుగున పడిపోతాయి. ఇందులో విద్యార్థి జ్ఞాపకశక్తిని తప్పుపట్టవలసిన పనిలేదు. ఒకదానితో మరొకదానికి పొత్తు కనిపించని మాటల పట్టికను ఏ మనస్సైనా ఎంతోకాలం మోయలేదు. అయితే ఆ అర్థాల మధ్య నిజంగానే పొత్తు లేదా? ఒకే మాట వైకుంఠంలోని దేవుణ్ణీ, చెరువులోని కప్పనూ చెప్పడం కేవలం యాదృచ్ఛికమా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి ‘హరి’ శబ్దం కంటే తగిన ఉదాహరణ దొరకడం అరుదు.

అమరసింహుడు రచించిన ‘నామలింగానుశాసనం’ అనే సంస్కృత నిఘంటువు లోకంలో ‘అమరకోశం’గా ప్రసిద్ధి పొందింది. ఇందులో మూడు కాండలున్నాయి. మూడో కాండలోని నానార్థవర్గంలో ఒకటి కంటే ఎక్కువ అర్థాలు గల పదాలను వాటి చివరి హల్లును బట్టి వరుసగా అమర్చారు. రేఫతో ముగిసే పదాల వరుసలో ‘హరి’ వస్తుంది. ఈ రెండక్షరాల మాటకు అమరసింహుడు చెప్పిన అర్థాలు పద్నాలుగు: యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, కపిలవర్ణం. దేవతలు, ఆకాశంలోని జ్యోతులు, అడవిలోని మృగాలు, నీటిలోని ప్రాణులు అన్నీ ఒకే మాట నీడలో చేరాయి. ఆంధ్రభాషలోనూ ఇటువంటి సంప్రదాయం ఉంది. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’లో తెలుగు మాటల నానార్థాల కోసం ప్రత్యేకంగా ఒక వర్గును కేటాయించాడు.

ఈ పద్నాలుగు అర్థాలు నిఘంటువుకే పరిమితమైనవని భావించకూడదు. తెలుగువారి నిత్యవ్యవహారంలోనే వీటిలో కొన్ని సజీవంగా ఉన్నాయి. వానవెలసిన ఆకాశంలో కనిపించే రంగుల విల్లును తెలుగువారు ‘హరివిల్లు’ అంటారు. ఇక్కడ హరి అంటే విష్ణువని పలువురు అనుకొంటారు. విష్ణువు విల్లు పేరు శార్ఙ్గం. వర్షానికి అధిదేవత ఇంద్రుడు కనుక ఆయన విల్లు ఇంద్రధనుస్సు, అదే హరివిల్లు. అలాగే ‘నరహరి’ తెలుగునాట ఎన్నో ఇళ్లలో వినిపించే పేరు. ఇందులోని హరికి సింహమని అర్థం. నరుడూ సింహమూ కలిసిన రూపమే నరహరి; అతడే నరసింహుడు. సింహాచలంలోనూ, అహోబిలంలోనూ, యాదగిరిగుట్టలోనూ కొలువైన దైవం ఆయనే. ఆయన విష్ణువు అవతారం కూడా కావడం చేత ఆ పేరులో మృగమూ దైవమూ ఒకేసారి ధ్వనిస్తాయి. ఇక ‘హరికథ’లో హరి విష్ణువే అయినా, శివభక్తుడైన మార్కండేయుని చరిత్ర చెప్పినా అది హరికథే. అర్థం తన ఎల్లలు దాటి విస్తరించిన తీరుకు ఇది చక్కని నిదర్శనం.

ఇన్ని అర్థాలకు మూలం ఎక్కడుంది? అమరసింహుడు చిట్టచివర పేర్కొన్న కపిలవర్ణమే ఇందుకు తాళంచెవి. భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయంలో హరి మొదట రంగును తెలిపే మాట. పసుపు, బంగారు, లేత ఆకుపచ్చ, గోధుమ వన్నెలన్నీ ఆ మాటలో ఇమిడి ఉండేవి. ప్రాచీన ఇరాను దేశపు అవెస్తా భాషలో దీనికి సోదర పదమైన ‘జైరి’ కూడా పసుపు, బంగారు వన్నెలనే తెలుపుతుంది. సంస్కృతంలో దీని కుటుంబం చాలా పెద్దది. హరితం అంటే ఆకుపచ్చ. హరిద్ర అంటే పసుపు. హరిణం అంటే లేడి. హరితాళం అంటే చిత్రకారులు వాడిన పసుపువన్నె ఖనిజం. దాన్ని తెలుగులో అరిదళం అంటారు. బంగారాన్ని తెలిపే హిరణ్య శబ్దం కూడా ఈ కుటుంబానికే చెందుతుందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆకు రంగునూ, పసుపు రంగునూ, పసిడి రంగునూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు తెలపడం ఇక్కడ గమనించదగిన విషయం.

ఇది తెలుగు విద్యార్థికి వింతగా తోచనక్కరలేదు. అతని మాతృభాషలోని ‘పచ్చ’ అనే మాట అచ్చంగా ఇదే పని చేస్తుంది. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకు రంగు. పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు. పచ్చల హారం అన్నప్పుడు మరకతమణుల రంగు. పచ్చని బంగారం అన్నప్పుడు పసిడి రంగు. స్పష్టత కావలసి వచ్చినప్పుడు తెలుగువారు పచ్చకు ముందు మరో మాట చేర్చి ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అన్నారు. పసరు, పసుపు, పసిమి, పసిడి, పైడి, పచ్చిక, పచ్చి అనే మాటలన్నీ ఒకే ద్రావిడ ధాతువు సంతానం. సంస్కృతానికీ తెలుగుకూ మూలభాషలు వేరు. ఒకటి ఇండో–యూరోపియన్ కుటుంబానికి, మరొకటి ద్రావిడ కుటుంబానికి చెందినవి. అయినా రెండు భాషలవారూ ఆకుకూ పసిడికీ నడుమ గోడ కట్టలేదు.

దీనికి కారణం ప్రకృతిలోనే ఉందని చెప్పవచ్చు. వరిచేను నాటిన కొత్తలో లేత పచ్చగా ఉంటుంది. ఏపుగా ఎదిగినప్పుడు ముదురు పచ్చ అవుతుంది. కంకి వంగే వేళకు బంగారు వన్నెకు తిరుగుతుంది. ఏ రోజున ఆకుపచ్చ ముగిసి పసుపుపచ్చ మొదలైందో ఏ రైతూ గీత గీసి చెప్పలేడు. కాయ పండయ్యేటప్పుడూ, ఆకు రాలే ముందూ జరిగేది అదే. కాబట్టి హరి అన్నా పచ్చ అన్నా ఒక్క రంగు చుక్క కాదు. లేతదనం నుంచి పండే దాకా సాగే జీవనయాత్ర రంగు. ‘మీ కాపురం పచ్చగా ఉండాలి’ అని పెద్దలు దీవించేటప్పుడు ఆ మాటలో రంగుతోపాటు ప్రాణమూ సమృద్ధీ ఉండడానికి కారణం ఇదే.

ఈ దృష్టితో చూస్తే అమరసింహుని పట్టికలోని ప్రాణులు తమంతట తామే వరుసలో నిలబడతాయి. సింహం దేహం పండిన గడ్డి వన్నె. దాని కన్నులు కూడా పింగళవర్ణంలో ఉండటం వల్ల దానికి ‘హర్యక్షం’ అనే పేరు వచ్చింది. ఋగ్వేదంలో ఇంద్రుని రథానికి పూన్చిన గుర్రాల జంటను ‘హరి’ శబ్దంతోనే వ్యవహరించారు. అందుకే ఇంద్రుడు హరిహయుడు, హర్యశ్వుడు అయ్యాడు. సూర్యుని గుర్రాలు హరిత్తులు. అందుచేత ఆయన హరిదశ్వుడు. కోతిది గోధుమ వన్నె. వాల్మీకి తన కావ్యంలో వానరులను హరులనీ, సుగ్రీవుణ్ణి హరీశ్వరుడనీ పేర్కొన్నాడు. విశేషమేమిటంటే, హరికి అర్థంగా చెప్పిన ‘కపిల’ శబ్దం కూడా కోతిని తెలిపే ‘కపి’ నుంచే పుట్టింది. చిలుక రంగు ఏదో చిలకపచ్చ అనే తెలుగు మాటే చెబుతుంది. పాములలో పసిరిక పాము ఆకుల నడుమ ఆకువలె కలిసిపోతుంది. సూర్యుడు, చంద్రుడు, కిరణం అనే మూడింటికీ వెలుగు రంగే ఆధారం.

కప్ప సంగతి మరింత ఆసక్తికరమైనది. ఋగ్వేదం ఏడో మండలంలోని నూట మూడో సూక్తం కప్పలను గురించినది. తొలకరి జల్లుకు మేల్కొన్న కప్పలలో ఒకటి చుక్కలదనీ, మరొకటి పచ్చనిదనీ వర్ణించిన ఋషి, రూపాలు భిన్నమైనా అవన్నీ ఒకే పేరును ధరిస్తాయని గుర్తించాడు. మన చేలల్లో కనిపించే బావురుకప్ప సాధారణంగా ఆకుపచ్చ, గోధుమ వన్నెల్లో ఉంటుంది. వానలు పడిన తొలినాళ్లలో, సంతానోత్పత్తి సమయంలో, మగకప్ప ఒళ్లంతా నిమ్మపండు వంటి పసుపు వన్నెకు మారుతుంది. హరి అనే మాటలోని రెండు కొసలనూ ఒకే దేహంలో చూపగల ప్రాణి ఇది. కప్పను హరి అన్నవారు చెరువుగట్టున నిలిచి దాన్ని కళ్లారా చూసినవారే అయి ఉంటారు.

అయితే పట్టికలో రంగుకు లొంగని పేర్లు కూడా ఉన్నాయి. వాయువుకు రంగులేదు. యముణ్ణి కపిలవర్ణంతో ముడిపెట్టడం కష్టం. ఇక్కడ సంప్రదాయ వ్యాకరణం తోడ్పడుతుంది. ‘హృ’ ధాతువుకు తీసుకొనిపోవడం, హరించడం అని అర్థాలు. పరిమళాన్నీ మేఘాన్నీ మోసుకొనిపోయేవాడు వాయువు. ప్రాణాలను హరించేవాడు యముడు. భక్తుల పాపాలను హరించేవాడు విష్ణువు. ఈ రెండు మార్గాల్లో ఏది సరైనదని వాదించుకోవలసిన అవసరం లేదు. మహాభారతం శాంతిపర్వంలోని నారాయణీయ భాగంలో భగవంతుడే తన పేరుకు కారణాలు వివరిస్తాడు. యజ్ఞాల్లో హవిర్భాగాన్ని గ్రహించడం ఒక కారణం, తన వర్ణం శ్రేష్ఠమైన హరివర్ణం కావడం మరొక కారణం. క్రియ వల్ల వచ్చిన అర్థాన్నీ, రంగు వల్ల వచ్చిన అర్థాన్నీ ప్రాచీనులు పక్కపక్కనే ఉంచి ఆదరించారని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఒక మాటకు పద్నాలుగు అర్థాలుంటే వినేవాడు తికమక పడడా అనే సందేహం సహజం. ఈ సందేహాన్ని మన ఆలంకారికులూ వ్యాకరణవేత్తలూ ఏనాడో చర్చించారు. భర్తృహరి ‘వాక్యపదీయం’లో అర్థనిర్ణయానికి తోడ్పడే అంశాలను వరుసగా పేర్కొన్నాడు. సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం మొదలైనవి వాటిలో కొన్ని. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో వీటిని వివరిస్తూ తీసుకొన్న మొదటి ఉదాహరణ హరి శబ్దమే. శంఖచక్రాలు గల హరి అంటే విష్ణువే. కోతికీ సింహానికీ అవి ఉండవు. శంఖచక్రాలు లేని హరి అన్నా విష్ణువే. సహజంగా ఉన్నదాన్నే కదా లేదని చెప్పవలసి వస్తుంది. ప్రకరణానికి ‘సైంధవం’ ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ మాటకు ఉప్పు అనీ గుర్రం అనీ అర్థాలు. భోజనం చేస్తూ సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి; ప్రయాణానికి సిద్ధమై తెమ్మంటే గుర్రాన్ని తేవాలి. అలాగే గుహలో హరి గర్జించిందంటే సింహం, రథానికి హరులను కట్టారంటే గుర్రాలు, చెరువులో హరి బెకబెకలాడిందంటే కప్ప అని చెప్పకుండానే తెలుస్తుంది. పదం పూర్తి అర్థాన్ని పొందేది వాక్యంలోనే. వాక్యం నుంచి వేరుచేసి అర్థాలను కంఠస్థం చేయడం నీటి నుంచి చేపను బయటికి తీసి దాని ఈత గురించి చదవడం వంటిది.

తెలుగు కవులు ఈ బహుళార్థ శక్తిని సమర్థంగా వినియోగించుకొన్నారు. పింగళి సూరన పదహారో శతాబ్దంలో రచించిన ‘రాఘవపాండవీయం’ రామాయణ భారత కథలను ఒకే పద్యాల్లో నడిపిన ద్వ్యర్థికావ్యం. రామరాజభూషణుడు ‘హరిశ్చంద్రనలోపాఖ్యానం’లో హరిశ్చంద్రుని కథనూ నలుని కథనూ అదే విధంగా జంటగా నడిపాడు. నానార్థాలు లేని భాషలో ఇటువంటి కావ్యాలు పుట్టవు. శ్లేషాలంకారానికి ప్రాణం నానార్థమే. కవితిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితం చేశాడు. ఆ పేరులోని హరి, హర శబ్దాలు రెండింటినీ సంప్రదాయం హృ ధాతువు నుంచే సాధిస్తుంది. శైవ వైష్ణవ భేదాలు ప్రబలిన కాలంలో కవి చాటిన సమన్వయానికి శబ్దమే సాక్షిగా నిలిచింది.

అర్థాలను కంఠస్థం చేయడం మన ప్రాచీన విద్యాపద్ధతే కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. వీధిబడుల్లో పిల్లలు అమరం వల్లెవేసిన మాట నిజం. ఆ విధంగా నోటికి వచ్చిన శబ్దసంపద వారికి జీవితాంతం ఉపయోగపడింది. కాని అమరం వల్లెవేయడం ఆ విద్యలో మొదటి మెట్టు మాత్రమే. తరువాత వ్యాఖ్యానం చెప్పేవారు. ఆ తరువాత కావ్యపాఠం నడిచేది. కంఠస్థమైన మాట కావ్యంలో ఎదురైనప్పుడు దాని అర్థం వెలుగులోకి వచ్చేది. నేడు తరగతి గదుల్లో తరచుగా జరుగుతున్నది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవడం. తరువాతి మెట్లు లేని మొదటి మెట్టు ఎవరినీ పై అంతస్తుకు చేర్చలేదు. కాబట్టి వదలవలసింది కంఠస్థాన్ని కాదు, కారణం తెలుసుకోకుండా కంఠస్థం చేసే అలవాటును.

ఈ అంశంలో మరొక కోణం కూడా ఉంది. మాటకు అర్థం నిఘంటువు ఒక్కటే ఇవ్వదు; లోకం ఇస్తుంది. ఒకప్పుడు ఉత్తర, మధ్య భారతాల్లో విస్తారంగా తిరిగిన సింహం నేడు దేశంలో గుజరాత్‌లోని గిర్ ప్రాంతానికీ దాని పరిసరాలకూ పరిమితమైంది. 2025లో జరిపిన గణనలో వాటి సంఖ్య 891గా తేలింది. కప్పకాళ్ల ఎగుమతి కోసం బావురుకప్పలను విపరీతంగా పట్టివేసిన రోజులున్నాయి. పంటను పాడుచేసే పురుగులను తినే ప్రాణి తరిగిపోతే రైతుకే నష్టమని గుర్తించి భారతదేశం 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది. చెరువులు పూడిపోయిన ఊళ్లలో తొలకరి రాత్రి కప్పల బెకబెకలు వినని పిల్లలకు, హరి అంటే కప్ప అనే అర్థం కాగితం మీది అక్షరాలుగానే మిగులుతుంది. ప్రాణి కనుమరుగైతే మాట వెంటనే చనిపోదు. లోపల గింజ లేని పొట్టువలె కొంతకాలం నిలుస్తుంది. భాషను కాపాడుకోవడమంటే ఆ భాష పేరు పెట్టిన లోకాన్ని కూడా కాపాడుకోవడమే.

హరి శబ్దం ద్వారా తెలిసిన ఈ పద్ధతి మరెన్నో పదాలకు వర్తిస్తుంది. ‘ద్విజ’ శబ్దానికి పక్షి, పన్ను, బ్రాహ్మణుడు అని అర్థాలు. రెండుసార్లు పుట్టినది అనే మూలార్థం తెలిస్తే మూడూ ఒకే సూత్రంలో ఇముడుతాయి. పక్షి మొదట గుడ్డుగా, తరువాత పిల్లగా పుడుతుంది. పన్ను ఊడి మళ్లీ మొలుస్తుంది. ఉపనయనాన్ని సంప్రదాయం రెండో జన్మగా భావించింది. ఇలా ఒకసారి గ్రహించిన అర్థాలను మరచిపోవడం కష్టం. అయితే అన్ని పదాలూ ఇంత సులభంగా లొంగవు. కొన్నింటిలో వేర్వేరు మూలాల మాటలు కాలక్రమంలో ఒకే రూపం పొంది ఉంటాయి. అటువంటి చోట లేని బంధాన్ని కల్పించడం కూడా పొరపాటే. ఉన్న బంధాన్ని వెదకడం, లేనిచోట లేదని ఒప్పుకోవడం రెండూ విద్యార్థి అలవరచుకోవలసిన గుణాలే.

నానార్థాలను పట్టికగా చూసినవారికి హరి ఒక చిక్కుముడి. కారణంతో చూసినవారికి అదే ఒక విశాల దృష్టి. అందులో దేవుడు ఎత్తున, కప్ప అడుగున లేరు. ఒకే వెలుగు సూర్యునిలో కిరణమై, సింహంలో జూలై, చిలుకలో రెక్కై, చేనులో కంకై కనిపించింది. ఆ వెలుగుకు మన పూర్వులు ఒక పేరు పెట్టారు. దైవాన్ని ఏ మాటతో పిలిచారో ఆ మాటతోనే చెరువులోని చిన్నప్రాణిని పిలవడానికి వారు వెనుకాడలేదు. నానార్థాల ప్రశ్నకు జవాబు రాసే ముందు ఈ అర్థం ఎందుకు వచ్చిందని ఒక్కసారి ప్రశ్నించుకొనే విద్యార్థికి మార్కులతోపాటు మాట కూడా దక్కుతుంది. మార్కులు ఆ సంవత్సరానికి ఉపయోగపడతాయి. మాట జీవితాంతం తోడుంటుంది.